మేత పెట్టని పిండి

ఒళ్లో ఉన్న సీసా మూత మెల్లగా పైకి లేస్తుంటే రొట్టెలాయన బొటనవేలితో దాన్ని అదిమిపట్టి కూర్చున్నాడు. వచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్కన ఎండ తగిలి లోపలి పిండి వెచ్చబడింది, వెచ్చబడితే పొంగుతుంది, అది దాని గుణం, దాన్నని లాభం లేదు. ల్యాబు అద్దాల తలుపు దాకా ఎదురొచ్చిన కూతురు, ఇక్కడ కూర్చో నాన్నా, పెద్దసారు మీటింగులో ఉన్నారు, గంట పట్టొచ్చు, ఆయన చేతికే ఇద్దువుగాని, అని వసారాలో బల్ల చూపించి లోపలికి వెళ్లిపోయింది. సీసా వైపు చూడలేదు. అదే అతనికి గుచ్చుకుంది. దీని కోసమే కదా అంత దూరం నుంచి రమ్మంది, తెచ్చావా అని కూడా అడగలేదేం, అలిసిపోయిందేమో, కళ్ల కింద నలుపు కనిపిస్తోంది, సరిగ్గా తింటోందో లేదో, పిండిని పొంగించే ఈ పురుగులకు మటుకు వేళకు మేత పెడుతుంది, పురుగులు కావు నాన్నా అని ఎన్నిసార్లు చెప్పిందో, పురుగులు కావు, కణాలు, ఒక్కొక్కటీ ఒక్కో ప్రాణి, ఒంటి కణంతోనే బతుకంతా వెళ్లదీస్తాయి, సరే కణాలే, ఏవైతేనేం, మేత పెట్టకపోతే చచ్చేవే. ఆ మాట దగ్గరికి వచ్చేసరికి అతని ఆలోచన కాలు జారినట్టయి ఆగిపోయింది. మూత మీద వేలు ఇంకాస్త గట్టిగా నొక్కాడు.

వసారా అంతా వాసన. ఇంత తెల్లటి గోడలు, ఇంత నున్నటి నేల, మందుల వాసన వస్తుందనుకుంటే తన కొట్టు వాసన వస్తోంది. పిండి పులిసేటప్పుడు వచ్చే తియ్యటి వాసన, కాస్త సారా కలిపినట్టుండే వాసన. చదువుకున్నవాళ్లు తెల్లకోట్లు తొడుక్కుని పెంచుతున్నదీ అదే, తను ఉత్త బనీనుతో నిలబడి పిసికేదీ అదే. ఆ వాసనంటే పిచ్చుకకు చిన్నప్పుడు పడేది కాదు. కూతుర్ని అతను పిచ్చుక అనే పిలుస్తాడు, బల్ల మీద రాలిన రొట్టె పొడి ఏరుకు తినేది కాబట్టి. బడికి వెళ్లే ముందు తల రెండుసార్లు కడుక్కునేది, అయినా పోవడం లేదని ఏడ్చేది, వాళ్లమ్మ నవ్వేది. ఒకరోజు గొడుగు మరిచిపోతే వాన పట్టేలా ఉందని తను తీసుకెళ్లాడు. బట్టీ దగ్గర నుంచి లేచి అలాగే వెళ్లాడు, కనుబొమల మీద పిండితో, మోకాళ్ల దాకా మడిచిన లుంగీతో. బడి గేటు దగ్గర స్నేహితురాళ్లతో ఉంది. ఎవరే అని ఒక పిల్ల అడిగింది. మా ఇంటికి సరుకు దించే మనిషి, అంది పిచ్చుక. తను ఆ మాట విన్నాడు, తను విన్నట్టు అది చూసింది. అప్పుడు ఏమనాలి? నేను మీ నాన్నను కానా అనాలా? గొడుగు చేతికిచ్చి, అమ్మగారు ఇమ్మన్నారండీ, అని వెనక్కి తిరిగి వచ్చేశాడు. మంచిపని చేశాననే అనుకున్నాడు అప్పుడు. పిల్ల పరువు నిలబెట్టాననుకున్నాడు. ఇంటికి వచ్చాక ఆ సంగతి అదీ ఎత్తలేదు, తనూ ఎత్తలేదు, వాళ్లమ్మకు కూడా చెప్పలేదు. ఇన్నేళ్లలో మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు. మాట్లాడని మనుషులు ఇద్దరు ఒక ఇంట్లో ఉంటే ఏ సంగతైనా గోడలో మేకులా ఉండిపోతుంది, దాని మీద చొక్కాలు తగిలించుకుంటూ తిరుగుతారు.

అలాంటి పిల్ల పోయిన చలికాలం సెలవులకు వచ్చి, బట్టీ పక్కన పిండిమూట మీద బాసింపట్లు వేసుక్కూర్చుని, చేతులు తిప్పుకుంటూ మాట్లాడిందే మాట్లాడింది. తండ్రీకూతుళ్లిద్దరూ కలిసి ఏడాది పొడుగునా అన్ని మాటలు ఆడుకోరు. ప్రపంచంలో ఏ పెద్ద ల్యాబుకు పోయినా నీ ఈస్టే ఉంటుంది నాన్నా, అంది. మనిషి లోపల ఏం జరుగుతుందో తెలుసుకోవడానికి మనిషిని కోసి చూడలేం కదా, ఎలుకను పెంచాలన్నా నెలలు పడుతుంది, ఇదైతే తిండి దొరికితే గంటన్నరకల్లా ఒకటి రెండవుతుంది, ఇవాళ పళ్లెంలో గీస్తే ఎల్లుండికి చుక్కలు చుక్కలుగా మొలుస్తుంది. దాని లోపలి రాతా మన లోపలి రాతా చాలాచోట్ల ఒకటే. అందులో ఒక ముక్క చెరిపేసి ఏం పాడైందో చూస్తే ఆ ముక్క మనలో ఏం పని చేస్తుందో అర్థమవుతుంది. కణం ఎప్పుడు రెండుగా చీలాలి, ఎప్పుడు ఆగాలి అని చెప్పే ముక్కల్లో చాలావాటిని మొదట దీన్లోనే పట్టుకున్నారు. క్యాన్సరులో అమ్మకు చెడింది ఆ ఆగమని చెప్పే సంగతే. అని పిండిమూట కుట్టు గోటితో గీకింది. తను బట్టీలోకి చూశాడు. తర్వాత అసలు పనికి వచ్చింది. ల్యాబులో ఉన్నవి గారాబంగా పెరిగినవి, పంచదార నీళ్లు తాగి బతికినవి. ఒకే కొట్లో, ఒకే బట్టీ సెగకు, ఒకే ఇంటివాళ్ల చేతి కింద తాతల కాలం నుంచీ పెరిగినది దొరికితే, దాని రాత ఎలా మారుతూ వచ్చిందో చదవొచ్చట. అలాంటిది ఎక్కడ దొరుకుతుందా అని పెద్దసారు అంటుంటే, మా నాన్న దగ్గరుంది సార్ అన్నాను, అంది. అందరి ముందూ అన్నాను, మా నాన్న రొట్టెలు చేస్తారు అన్నాను. మన తల్లిపిండి ఒక చెంచా ఇస్తావా నాన్నా?

మా నాన్న రొట్టెలు చేస్తారు. ఆ మాట తర్వాత అది ఇంకేం చెప్పిందో అతని చెవికెక్కలేదు. ముఖం పక్కకు తిప్పుకుని బట్టీలో కర్ర సర్దాడు. లేదమ్మా అనడానికి నోరు రావాలి కదా. పొయ్యి మీద పెట్టిన పాలు అడిగినట్టు అడిగింది, ఉన్నదనే నమ్మకంతో అడిగింది. దానికి తెలుసు కదా, ప్రతిరోజూ పిసికిన పిండిలోంచి ఒక ముద్ద తీసి జాడీలో వేసి, దానికి కాస్త పిండి, కాసిని నీళ్లు మేతగా పెట్టి, మర్నాటి పిండిలో కలిపేది, అదే తల్లిపిండి, తన తండ్రి నాటిది, ఆయన తండ్రి నాటిది, కొట్టు మీద బోర్డుకు కూడా అదే రాసి ఉంది. దానికి మేత పెట్టే పని మొదటి నుంచీ వాళ్లమ్మది. ఏనాడూ తను చెయ్యి పెట్టలేదు. నీ చెయ్యి మొరటు, దానికి పడదు అనేది. ఆవిడ మంచాన పడి ఆస్పత్రికి చేరాక, తను మంచం పక్కన ఇనప కుర్చీలో కూర్చుని చుక్క చుక్కగా దిగే మందు చూస్తూ ఉండిపోయాడు, కొట్టుకు తాళం, జాడీ సంగతి ఎవరికి గుర్తు. ఒక సాయంత్రం కళ్లు తెరిచి, దానికి మేత పెడుతున్నావా, అంది. పెడుతున్నాను, అన్నాడు. నీ చేత్తోనేనా, అని నవ్వబోయింది, దగ్గు వచ్చింది. ఆ మాట అన్నది ఆవిడ ప్రాణం కుదుటపడాలని, అది తప్పని అతను ఇప్పటికీ అనుకోవడం లేదు. కానీ లేచి ఇంటికి పోయి రెండు గుప్పిళ్లు పిండి కలపొచ్చు కదా. అబద్ధాన్ని నిజం చేయడానికి ఒక పూట చాలు. లేవలేదు. అన్నీ అయిపోయాక కొట్టు తెరిచి మూత తీస్తే, పైన గులాబీరంగు బూజు, లోపల చచ్చిన ఎలక వాసన. కాలవలో పోసేశాడు. జాడీ కడిగి బోర్లించి, అంగటికి వెళ్లి ఈస్టు ప్యాకెట్టు కొనుక్కొచ్చాడు. రొట్టె పొంగింది, మునుపటికన్నా తొందరగా పొంగింది. తిన్నవాళ్లు ఈ రుచి ఇంకెక్కడా రాదండీ అన్నారు. ఆ మాటకు అతనికి నవ్వు రాలేదు, కోపం రాలేదు, చెవులు మాత్రం కాలాయి. అయినా మరుసటి ఏడు బోర్డు వెలిసిపోతే మనిషిని పిలిచి అవే అక్షరాలకు మళ్లీ రంగు వేయించాడు. నిచ్చెన కింద నిలబడి, తాతలనాటి అన్నచోట ఇంకాస్త ఎర్రగా వెయ్యి అని కూడా చెప్పాడు. తలుచుకుంటే ఇప్పుడు, ఈ తెల్లగోడల మధ్య, మెడ వంగిపోతోంది.

ఇక పిచ్చుక అడిగాక చేసింది ఇంకో ఎత్తు. ప్యాకెట్టు చించి నీళ్లలో కలిపి, పిండి కలిపి, పాత వాసన రావాలని అందులో వెనిగర్ ఒంపి, రోజుల తరబడి బట్టీ మీద పెట్టి, పైన కట్టిన తరకను చూసి ఇది చాలు అనుకుని, గాజుసీసాకెత్తి, దాని చేతిలో పెట్టాడు. పాత నాణేలు అమ్మేవాళ్లు కొత్తవాటికి మట్టి రాస్తారట, అలా. అది రెండు చేతులతో అందుకుంది. పసిబిడ్డను అందుకున్నట్టు, శాలువాలో చుట్టుకుని బస్సెక్కింది. ఒక చెంచా పిండిలో ఏం తెలుస్తుందిలే అనుకున్నాడు. పులిసిన పిండికి పేరుంటుందా, ఊరుంటుందా. ఉంటుందని ఎవరికి తెలుసు. ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదువుతారట, మూడో తరగతిలో తను చదివినట్టు కాదు, ఒక్కటి తప్పకుండా.

పోయిన వారం ఫోను చేసింది. మొదటి సీసాలో ఏదో కలిసిపోయిందంటున్నారు నాన్నా, సారు మళ్లీ తెమ్మంటున్నారు, ఈసారి నిన్నే తీసుకుని రమ్మన్నారు, అంది. తీసుకొస్తాను అన్నాడు. అవతల నుంచి చాలాసేపు మాట లేదు. ఫోను తెగిందేమోనని చెవికి ఇంకా ఆనించుకున్నాడు, ఊపిరి వినబడుతోంది. అప్పుడంది, పాతదేనా నాన్నా? పాతదే, అన్నాడు. ఆలోచించుకోకుండా, దగ్గినంత సులువుగా. ఆ తర్వాత భయం పట్టుకుంది. మళ్లీ ప్యాకెట్టుది తీసుకెళ్తే దొరికిపోతాడు, ఈసారి సీసాలో నిజంగా పాతది ఉండాలి. ఆ పేటలో పాతది ఉన్నవాడు ఒక్కడే, మూలకొట్టాయన. ఇద్దరూ ఒకే బట్టీ దగ్గర పని నేర్చుకున్నవాళ్లు, ఒకరి కొట్టు ముందు నుంచి ఒకరు నడవనివాళ్లు. వెళ్లి గడప బయట నిలబడ్డాడు. ఒక ముద్ద తల్లిపిండి కావాలి, అన్నాడు. ఎందుకని ఆయన అడగలేదు. తడిగుడ్డలో చుట్టి ఇస్తూ, మీ ఆవిడ పోయినప్పుడే అడుగుతావనుకున్నాను, అన్నాడు. అంతే. తిడితే బాగుండును. వెటకారం చేసినా బాగుండును. అంటే రొట్టె నోట పెట్టిన ఏదో ఒక రోజున ఆయనకు తెలిసిపోయింది, తెలిసి కూడా పేటలో ఎవరికీ చెప్పలేదు, చెప్పకుండా తన బోర్డు కేసి రోజూ చూస్తున్నాడు. ఆ ముద్దే ఇప్పుడు ఒళ్లో పొంగుతున్నది.

అద్దంలోంచి కూతురు కనిపిస్తోంది. వెనక్కి దువ్వి కట్టిన జుట్టు, వంగిన వీపు. నల్లటి ముఖమల్ గుడ్డ బిగించిన దిమ్మె మీద ఒక పళ్లెం బోర్లించి అరచేత్తో మెత్తగా తడుతోంది. ఒక పళ్లెంలో మొలిచిన చుక్కలు ఆ గుడ్డకు అంటుకుంటాయి, గుడ్డ నుంచి ఇంకో పళ్లేనికి, ఎక్కడి చుక్క అక్కడే, అచ్చు గుద్దినట్టు. ఆ తట్టడం వాళ్లమ్మదే. పిండిముద్దను జాడీలో దించి పైన అలాగే తట్టేది. ఎవరూ నేర్పకుండా చేతికి ఎలా వచ్చిందో, అదీ లోపలి రాతేనేమో, మరి నా నుంచి ఏం వచ్చిందో దానికి. ముక్కు వచ్చింది. నోరు మూసుకుని ఉండటం వచ్చింది.

వసారా చివర తొట్టి దగ్గర కుళాయి తిప్పిన చప్పుడైంది. నీలం గౌను తొడుక్కున్న ఒకామె బుట్టెడు నల్లగుడ్డలు దింపి ఒక్కొక్కటీ నీళ్ల కింద పిండుతోంది. పిండుతూనే ఇటు చూసి, "మీరు చిన్నమేడమ్ వాళ్ల నాన్నగారేగా? ముక్కు చూస్తే తెలిసిపోతోంది," అంది. అతను తల ఊపాడు. "మాట కూడా మీ నుంచే వచ్చినట్టుంది. ఇక్కడ చేరినప్పట్నుంచీ చూస్తున్నా, అడిగితే గాని చెప్పదు, చెప్పినా సగం మింగేస్తుంది." అతనికి నవ్వు వచ్చింది. ఆమె తన సంగతి తనే చెప్పుకొచ్చింది. ఇక్కడి ప్రాణులకు వండే మేతను అందరూ గంజి అంటారట, వండేది ఆమె కాబట్టి గంజక్క అయింది, అసలు పేరు జీతం ఇచ్చేవాళ్లకు తప్ప ఎవరికీ గుర్తులేదట. పెద్ద కుక్కరులో పళ్లేలూ సీసాలూ ఉడకబెట్టడం, ఈ గుడ్డలు ఉతకడం, అన్నీ ఆమే. మంచి మనిషి, మాట తీపి, అనుకుంటూ వింటున్నవాడు, ఆమె తర్వాత అన్నదానికి బల్ల మీదే బిగుసుకుపోయాడు.

"మీ పిండి పుణ్యమా అని పై వారం నుంచి నేను స్టోరు గదికి పోతున్నానండీ. డబ్బాలు లెక్కపెట్టుకుంటూ కూర్చోవాలి."

 ఎందుకో ఆమే చెప్పింది. సీసా వచ్చిన రోజునే ఏదో బడి పిల్లల్ని ల్యాబు చూడ్డానికి తీసుకొచ్చారట. సీసాల్లో ప్యాకెట్టు ఈస్టు, పంచదార నీళ్లు పోసి మూతికి బుడగలు కడితే అవి ఉబ్బుతాయి కదా, పిల్లలకు వేడుక. అవన్నీ కడిగి ఉడకబెట్టింది గంజక్కే. ఆ తర్వాతే చిన్నమేడమ్ తండ్రిగారి పిండిని ఆ సీసాల్లో పెంచింది. ఇప్పుడు చదివి చూస్తే అంతా ప్యాకెట్టు ఈస్టే కనిపిస్తోందట. ఇంకెక్కడి నుంచి వస్తుంది, నువ్వు సరిగ్గా కడగలేదు, ఉడకబెట్టలేదు అన్నారు. పెద్దసారు అరవలేదు, అరిస్తే తిరిగి అరుద్దును, ఎంత పని పాడైందో తెలుసా అక్కా అని మెల్లగా అన్నాడు, అంది.

"కడిగాననే నా నమ్మకం. కానీ అందరూ ఒకటే మాట అంటుంటే నాకే అనుమానం పట్టుకుంది. నిన్న ఇంట్లో పాలగిన్నె కడిగిందే కడిగాను. మా అత్తగారు చూసి, దాన్ని అరగదీస్తావటే అంది."

"మీరు కడిగే ఉంటారు," అన్నాడు రొట్టెలాయన.

"మీరు చూశారా?"

అతను మూత మీద వేలు మార్చుకున్నాడు. గంజక్క గుడ్డ దులిపింది. "పోన్లెండి, మీరైనా అన్నారు. ఇవాళ మీరు తెచ్చినదాంతో తేలిపోతుందంటున్నారు. ఇది వేరేగా కనిపిస్తే తప్పు నాదేనని ఖాయం. రెండూ ఒకటే అయితే నేను బయటపడినట్టు. ఒకటెలా అవుతాయి, మీది తాతలనాటిదాయె."

కుళాయి మళ్లీ తిప్పుకుంది. నీళ్ల చప్పుడులో అతను ఒళ్లోకి చూసుకున్నాడు. వేలి పక్క నుంచి నురగ ఒక చుక్క బయటికి వచ్చింది. ఇదా సంగతి. ప్యాకెట్టుదే మళ్లీ తెచ్చి ఉంటే ఈమె బతికిపోయేది, తను దొరికేవాడు. దొరక్కూడదని పగవాడి గడప ఎక్కి అసలైనది తెచ్చుకున్నాడు కాబట్టి ఈమె మునుగుతుంది. పాతది నిజంగా పాతదే, తప్పు వెతకడానికి చోటు లేదు, అక్షరం అక్షరం చదువుకోండి అని ఇచ్చి పోవచ్చు. ఎవరికి తెలుస్తుంది. మూలకొట్టాయన నోరు విప్పడు. సీసా జారవిడిస్తే? ముసలిచేతులు, వణికాయి అంటే నమ్ముతారు. కానీ పగిలితే ఇంకోటి తెమ్మంటారు, ఈమె స్టోరుకు పోవడం మాత్రం ఆగదు. కడుపులో తిప్పుతోంది, మళ్లీ వస్తాను అని లేచి బస్సెక్కితే? ముఖం చాటేయడం కొత్తా తనకు. ఆస్పత్రి గదిలో ఇనప కుర్చీ ఉంది, అందులో కూర్చుని ఎన్ని పనులు చేయకుండా తప్పించుకున్నాడు. పక్కింటివాళ్లు భార్య మీద ఎంత ప్రేమో అనేవారు. ప్రేమే, కాదని ఎవరంటారు, కాని లేచి చేయాల్సిన పని ఉన్నప్పుడు లేవకుండా కూర్చోవడం కూడా అందులో ఉంది, అది అతనొక్కడికే తెలుసు. చెబితే ఏమవుతుంది? కొట్టు పోదు, తలా పోదు. మా నాన్న రొట్టెలు చేస్తారు అన్నది కదా పిల్ల, అందరి ముందూ, అది పోతుంది. ఒక జీవితంలో ఒక్కసారి విన్న మాట. ఇక ఎవరైనా అడిగితే అది మళ్లీ ఏమంటుందో. అనకపోయినా ఆ చూపు ఉంటుంది కదా, బడి గేటు దగ్గర చూపు. గంజక్క గుడ్డను మళ్లీ విప్పి వెలుగుకు పట్టి చూస్తోంది. శుభ్రంగా ఉన్నదాన్నే మళ్లీ నీళ్ల కింద పెట్టింది. అది చూడలేక రొట్టెలాయన కళ్లు మూసుకున్నాడు. మూసుకుంటే ఆ నీళ్ల చప్పుడు ఇంకా పెద్దదైంది.

కూతురు వచ్చి పక్కన కూర్చుంది. రెండు కాగితం కప్పుల్లో టీ తెచ్చింది. సారు బయల్దేరారట, అంది. ఇద్దరూ టీ ఊదుకున్నారు. ఇప్పుడు, టీ అయ్యాక, కాదు ఇప్పుడే, అనుకున్నాడు.

"అమ్మా."

"ఊఁ."

"మొదట ఇచ్చింది పాతది కాదు."

కూతురు కప్పులోకి చూస్తూ, "తెలుసు," అంది.

 ఎలా తెలిసిందో అదే చెప్పింది, అడిగితే గాని చెప్పని పిల్ల అడక్కుండా చెప్పింది. శాలువాలో చుట్టి తెచ్చుకున్న సీసాలోంచి ఒక చెంచా తన గదిలో దాచుకుందట, ఎవరూ ముట్టుకోనిది. ఎందుకని అడిగితే ఏం చెప్పనూ, మన ఇంటిదని దాచుకున్నాను అంది. ల్యాబులో గొడవ మొదలయ్యాక దాన్ని ఒక్కతే కూర్చుని చూసుకుంది. అదీ ప్యాకెట్టుదే.

"మరి చెప్పలేదేం?"

"నువ్వు చెబుతావేమో అనుకున్నాను. ఫోనులో అడిగాను కదా నాన్నా."

పాతదేనా నాన్నా. ఆ ఊపిరి, ఆ సందు, తన కోసం తెరిచిపెట్టిన తలుపది. పాతదే అని దాని ముఖాన వేసేశాడు. టీ వేడి తగిలి వేళ్లు కాలుతున్నా కప్పు కింద పెట్టలేదు. అప్పుడు కూతురు మొదటిసారి సీసా వైపు చూసింది. ఇదెవరిది, అంది. మూలకొట్టాయనది, నిజంగానే పాతది, అన్నాడు. అది సీసాలో బుడగలు చూసింది. దాని ముఖం అతనికి బాగా తెలుసు, చిన్నప్పుడు లెక్క చేసేటప్పుడు నుదురు అలాగే ముడిపడేది, జవాబు దొరకగానే అలాగే విడిపోయేది. విడిపోయింది.

"అయితే ఇచ్చెయ్ నాన్నా," అంది మెల్లగా. "సరిగ్గానే వస్తుంది. ఇంకెవరూ ఏమీ అడగరు."

"ఆవిడ?"

కూతురు తొట్టి వైపు చూడలేదు. "స్టోర్లో కూడా జీతం అదే. కొన్నాళ్లయ్యాక నేనే సారుతో మాట్లాడి మళ్లీ ఇటు వేయిస్తాను. నీ గురించి అందరికీ చెప్పాను నాన్నా. వీళ్లు నిన్ను చూసి నవ్వితే నేనిక్కడ తిరగలేను."

మంచి మాటే. తన మీద ప్రేమతో అన్న మాటే. సరుకు దించే మనిషి అని అది అన్నప్పుడు అమ్మగారు ఇమ్మన్నారండీ అన్నది ఎవరు? తప్పమ్మా అని చెవి మెలిపెట్టి ఉంటే ఆ పూట ఏడ్చి ఊరుకునేది. నెత్తి మీద గొడుగు పట్టి మరీ నేర్పాడు, ఎదుటివాళ్ల పరువు కోసమైతే ఏదైనా అనొచ్చని. బాగా వచ్చింది చదువు. మధ్యలో మూడో మనిషి ఎవరైనా నలిగిపోతే వాళ్ల వైపు చూడకుండా ఉంటే చాలు. తనూ చూడలేదు కదా ఇప్పటిదాకా, కళ్లు మూసుకునే కదా కూర్చున్నాడు.

వసారా ఆ చివర నుంచి పెద్దసారు వస్తున్నాడు. పొట్టిగా, హుషారుగా, ఆయనకన్నా ముందు ఆయన చెప్పుల చప్పుడు వస్తోంది. నమస్కారమండీ, శ్రమ పెట్టాం మిమ్మల్ని, మీ అమ్మాయి మీ గురించే చెబుతుంటుంది, ఏదీ, అంటూ రెండు చేతులూ చాచాడు. రొట్టెలాయన లేచి నిలబడ్డాడు. సీసా ఇవ్వలేదు. ఇవ్వకపోయేసరికి ఆ చేతులు గాల్లోనే ఆగాయి.

"ఇది మాది కాదండీ. ఇంకో కొట్టువాళ్లది, అడిగి తెచ్చాను. మా పాతది ఎప్పుడో చచ్చిపోయింది. మేత పెట్టలేదు. మొదట పంపించింది అంగట్లో కొన్న ప్యాకెట్టుదండీ. మీ గంజక్కగారి తప్పేం లేదు."

అన్ని మాటలు వరసగా అతను ఎన్నడూ అనలేదు. తొట్టి దగ్గర కుళాయి ఆగిపోయింది. పెద్దసారు ముందు అర్థం కానట్టు చూశాడు. ప్యాకెట్టుదా, అన్నాడు. అవునండీ, పులుపు వాసన రావాలని వెనిగర్ పోశాను, అన్నాడు అతను, అది కూడా చెప్పకపోతే చెప్పినట్టు కాదనిపించి. పెద్దసారు చేతులు దించుకున్నాడు. ఆయన ముఖంలో హుషారు మెల్లగా ఆరిపోవడం, దాని బదులు మర్యాద రావడం రొట్టెలాయన దగ్గరగా నిలబడి చూశాడు. కోపం వస్తే ఓర్చుకునేవాడు. ఆయన అతన్ని ఇంకేమీ అడగకుండా కూతురి వైపు తిరిగి, నీకు తెలుసా అమ్మా, అన్నాడు.

"దానికేం తెలియదండీ," అన్నాడు రొట్టెలాయన.

మళ్లీ అబద్ధమాడానని నోట్లోంచి వచ్చాక గాని అతనికి తెలియలేదు. తనను ఎవరూ అడగకుండానే, అంత తేలిగ్గా, నిజం చెప్పిన నోటి తడి ఆరకముందే. అతను అక్కడే ఆగిపోయి, నోరు కొంచెం తెరుచుకునే ఉండగా, కూతురి వైపు తిరగడానికి మొహం చెల్లక ఎదుటి గోడకేసి చూస్తూ నిలబడ్డాడు. దాని గొంతు మాత్రం వినబడింది. చిన్న గొంతు. అయినా సగం మింగలేదు.

"తెలుసు సార్. విడిగా పరీక్ష చేసి చూశాను. నాన్న చెప్పకపోతే నేనూ చెప్పకూడదనే అనుకున్నాను. ఇందాక ఇది ఇచ్చెయ్యమని నాన్నకు చెప్పింది కూడా నేనే."

పెద్దసారు కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు, మళ్లీ పెట్టుకున్నాడు, నా గదికి రా అమ్మా అని ముందుకు నడిచాడు. కూతురు టీ కప్పు బల్ల మీద పెట్టి ఆయన వెనకే వెళ్లింది. వెళ్తూ తండ్రి వైపు తిరగలేదు, కానీ పక్క నుంచి పోయేటప్పుడు దాని మోచెయ్యి అతని మోచేతికి తగిలింది, కావాలనో, కాకనో అతనికి తెలియలేదు. వసారాలో అతనూ గంజక్కా మిగిలారు. ఆమె బుట్ట నడుముకెత్తుకుంది, తడిగుడ్డల్లోంచి నీళ్లు కారుతున్నాయి, గౌను తడుస్తోంది. ఇందాక తియ్యగా మాట్లాడిన ఆ మంచిమనిషి ఇప్పుడు నవ్వకుండా అతని వైపు చూసింది. ఆమె నడిచి వస్తోంది. నలుగురు పక్కపక్కన నడవగలిగినంత వెడల్పు వసారా అది. రొట్టెలాయన సీసా పొట్టకు హత్తుకుని, కాళ్లు దగ్గరికి లాక్కుని, వీపు గోడకు ఆనించి ఆమెకు దారి ఇచ్చాడు.